రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌లో పని నేర్పండి: కర్నూలు, అనంతపురం, కడప ఆడిటర్లకు బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడపలో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్లకు, ఆర్టికల్‌షిప్ నిబంధనలు రూపొందించే ఇన్‌స్టిట్యూట్ పెద్దలకు,

నమస్కారం.

ఈ మూడు ఊళ్లలో ఆర్టికల్‌షిప్ (సీఏ కోర్సులో భాగంగా ఆడిటర్ ఆఫీసులో చేసే శిక్షణ) చేస్తున్నవాళ్లం, ఈమధ్యే ముగించుకుని సీఏ ఫైనల్‌కు చదువుతున్నవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ముందు ఎవరి ఆఫీసులో వాళ్లం నోటిమాటగా అడిగాం. తర్వాత అందరం కలిసి వినతిపత్రం రాసి సీనియర్ల చేతికిచ్చాం. ‘సెప్టెంబరు సీజన్ దాటనీయండి, కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నారు. సీజన్ దాటింది, ఎవరూ పిలవలేదు. ఇక నలుగురి ముందు పెట్టక తప్పలేదు. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పే ఆఫీసులు మన దగ్గర ఉన్నాయి, ఆ మేలు మరిచిపోలేదు. మా బాధ మిగతా ఆఫీసులతో.

2023 జూలై 1 నుంచి కొత్త విద్యా, శిక్షణ విధానం అమల్లో ఉంది. సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసై, 15 రోజుల ఐటీ కోర్సు, మరో 15 రోజుల ఓరియంటేషన్ కోర్సు పూర్తిచేశాకే ఆర్టికల్స్‌లో చేరాలి. అంతకుముందు మూడేళ్లున్న శిక్షణ రెండేళ్లయింది. సెలవులు ఏడాదికి 12. అంతకు మించి వాడుకుంటే ఆ రోజులు అదనంగా పనిచేసి తీర్చాలి. శిక్షణ ముగిశాక ఆరు నెలలకు ఫైనల్ రాయొచ్చు. కాలం తగ్గింది గానీ నేర్చుకోవాల్సింది తగ్గలేదు. పాత పద్ధతిలో మొదటి ఏడాది ఫైళ్లు మోయడంతో, జిరాక్సులతో గడిచిపోయినా ఇంకా రెండేళ్లు చేతిలో ఉండేవి. ఇప్పుడు మొదటి ఏడాది పోతే శిక్షణలో సగం పోయినట్టే.

చాలా ఆఫీసుల్లో జరుగుతున్నది ఇదీ. 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి 3బీ (పన్ను కట్టే నెల రిటర్ను). జూలైలో ఆదాయపు పన్ను రిటర్నులు, సెప్టెంబరు నెలాఖరుకు టాక్స్ ఆడిట్ రిపోర్టులు. ఈ తేదీల మధ్య ఆర్టికల్ (శిక్షణలో ఉన్నవాడు) కుర్చీలోంచి లేవడు. పార్టీ (ఆఫీసుకు లెక్కలిచ్చే వ్యాపారి) వాట్సాప్‌లో పంపిన బిల్లుల ఫొటోలు చూసి ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు కొడతాడు, పోర్టల్‌లో ఎక్కిస్తాడు, ఓటీపీ కోసం పార్టీకి ఫోన్ చేస్తాడు. ఎంట్రీలు కొట్టడాన్ని మేం తక్కువ చేయడం లేదు. లెక్క రాయడం రానివాడికి లెక్క తనిఖీ చేయడం రాదు. కానీ అది నేర్చుకోవడానికి మూడు నెలలు చాలు. మిగిలిన 21 నెలలూ అదే పని చేయిస్తే దాన్ని శిక్షణ అని ఎలా అంటాం?

బయటికి వెళ్లి చూస్తే ఏం తెలుస్తుందో ఒక్క పని తీసుకుని చెబుతాం. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లు ఆడిట్ అనుకోండి. ఆఫీసులో కూర్చున్న ఆర్టికల్‌కు అది కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు, కరెంటు బిల్లు, హమాలీ ఖర్చు. మిల్లుకు వెళ్లినవాడికి ఇంకో లెక్క కనబడుతుంది. వంద కిలోల పత్తి ఆడిస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ గింజ, కొంత తరుగు. ఒక బేలు 170 కిలోలు. వెయ్యి క్వింటాళ్ల పత్తి ఆడించినట్టు రిజిస్టరు చెబితే దగ్గరదగ్గర 200 బేళ్లు రావాలి. పుస్తకాల్లో 160 ఉంటే తక్కిన 40 ఏమైనట్టు? పత్తిలో తేమ ఎక్కువ ఉందా, నాసిరకం సరుకా, మార్చి 31 రాత్రికి ఇంకా ప్రెస్సులోనే ఉందా, బిల్లు లేకుండా గేటు దాటిందా? ఇది తేలాలంటే గోడౌన్‌లో బేళ్లు లెక్కపెట్టాలి. మార్చి 31కి ముందు చివరి కొన్ని వేబ్రిడ్జి చీటీలు, ఏప్రిల్‌లో మొదటి కొన్ని చీటీలు తీసి లారీ నంబర్లను గేటు రిజిస్టరుతో, బిల్లులతో సరిపోల్చాలి. ఆ తర్వాత కొనుగోలు పట్టీలు (కొన్న సరుకుకు రాసే చీటీలు). రైతు దగ్గర నేరుగా కొన్న పత్తిపై 5 శాతం జీఎస్టీ రివర్స్ ఛార్జ్ కింద మిల్లే కట్టాలి. రోజుకు ఒకరికి పదివేలు దాటి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు. పంట పండించిన రైతుకు ఇస్తే మాత్రం మినహాయింపు ఉంది, పత్తి కొని అమ్మే దళారికి ఇస్తే అది వర్తించదు. అంటే పట్టీ మీదున్న పేరు రైతుదా, దళారిదా అన్నదాన్ని బట్టి రెండు పన్నుల లెక్కా మారిపోతుంది. వాట్సాప్ ఫొటో చూసి ఎంట్రీ కొట్టేవాడికి ‘పత్తి కొనుగోలు’ అన్న ఒక్క లెడ్జరే తెలుస్తుంది.

ప్రొద్దుటూరు బంగారం కొట్లలో పనివాడికిచ్చిన ముడి బంగారం, తిరిగొచ్చిన నగ, తరుగు ఇలాగే తూచి చూడాలి. బేతంచెర్ల నాపరాళ్లు, ధర్మవరం పట్టుకు దేని లెక్క దానిదే. పాఠ్యపుస్తకంలో లేని పాఠాలు ఇన్ని మన ముంగిట్లోనే ఉన్నాయి, వాటి దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లేవాళ్లే తక్కువ.

దీనివల్ల నష్టపోతున్నది మేమొక్కళ్లమే కాదు.

1. చిన్న వ్యాపారి. ప్రతి నెలా 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లుల ప్రకారం వ్యాపారికి దక్కే క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే మొత్తం) జాబితా. దాన్ని కొనుగోలు రిజిస్టరుతో బిల్లు బిల్లుకూ సరిపోల్చాలి: జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, పన్ను వేసే విలువ. సప్లయర్ వేరే నంబరు మీద ఎక్కించాడా, మామూలు కొనుగోలుదారు ఖాతాలో వేశాడా, వచ్చే నెలకు తోశాడా అన్నది విడదీసి, అతనికి ఫోన్ చేసి, తర్వాతి జీఎస్టీఆర్-1లో సవరణ పడేదాకా వెంటపడాలి. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లులకు తర్వాతి నవంబరు 30 దాటితే ఆ క్రెడిట్ పోయినట్టే. నేర్పేవాళ్లు లేని చోట ఆర్టికల్ 2బీ మొత్తాన్ని ఎత్తి 3బీలో పెట్టేస్తాడు. యజమాని సొంత కారు మీద పన్ను, ఇంకా చేరని సరుకు మీద పన్ను కూడా అందులో కలిసిపోతాయి. రెండు మూడేళ్లకు నోటీసు వస్తుంది. తప్పుగా తీసుకుని వాడేసిన క్రెడిట్‌తో పాటు ఏడాదికి 18 శాతం వడ్డీ, పైన పెనాల్టీ. ఆర్టికల్ అప్పటికి ఆఫీసులో ఉండడు. డబ్బు కట్టేది ఎరువుల షాపాయన, హార్డ్‌వేర్ షాపాయన.

2. బ్యాంకు అప్పు మీద నడిచే మిల్లు, అందులో కూలీలు. నూనె మిల్లుకు క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు విలువను బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) ఉందనుకుందాం. నెలనెలా బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో 80 లక్షల సరుకు, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటులో అదే తేదీకి 50 లక్షలు. అప్పు మీద తెచ్చిన సరుకు లేదనుకుని 25 శాతం మార్జిన్ (మిల్లు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా) తీస్తే, మొదటి లెక్కన 60 లక్షలు వాడుకోవచ్చు, రెండో లెక్కన 37.5 లక్షలే. ఈ తేడా ఆడిట్ సమయంలోనే పట్టుకుంటే పార్టీని కూర్చోబెట్టి సరిచేయించవచ్చు. బ్యాంకు పట్టుకుంటే లిమిట్ కోస్తుంది. ఆ నెల వేరుశనగ తెచ్చిన రైతుకు డబ్బు ఆగుతుంది, శనివారం కూలి ఆగుతుంది. స్టాక్ స్టేట్‌మెంటును బ్యాలెన్స్ షీటు పక్కన పెట్టి చూడమని ఒక్కసారైనా చెప్పిన ప్రిన్సిపల్ (శిక్షణ ఇచ్చే సీఏ) దగ్గర చేసినవాడికి ఇది అలవాటైపోతుంది. మిగతావాళ్లకు ఆ రెండు కాగితాలు వేర్వేరు ఫైళ్లలోనే ఉండిపోతాయి.

3. మా ఇళ్లు. స్టైపెండ్ కనీస మొత్తాన్ని ఊరి జనాభాను బట్టి నిర్ణయించారు. 20 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరంలో మొదటి ఏడాది నెలకు 4,000 రూపాయలు, రెండో ఏడాది 5,000. 4 లక్షల నుంచి 20 లక్షల లోపు అయితే 3,000, 4,000. 4 లక్షల లోపు అయితే 2,000, 3,000. లెక్కలోకి తీసుకునేది చివరిసారి ప్రచురించిన జనగణన, అంటే 2011ది. దాని ప్రకారం కడప జనాభా సుమారు 3.44 లక్షలు, అనంతపురం 2.61 లక్షలు. కర్నూలు మాత్రం 4 లక్షలు దాటింది. అందుకే అనంతపురం, కడపలో మొదటి ఏడాది ఆర్టికల్‌కు చట్టప్రకారం దక్కేది నెలకు 2,000. నెలకు 26 పనిరోజులు వేసుకుంటే రోజుకు 77 రూపాయలు. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. శిక్షణను కూలితో పోల్చకూడదని అంటారు, ఒప్పుకుంటాం. కానీ బస్సు ఛార్జీ, మెస్ బిల్లు ఊరి జనాభాను చూసి తగ్గవు. పుట్టపర్తి నుంచో, జమ్మలమడుగు నుంచో వచ్చి గది తీసుకుని ఉండే పిల్లకు ఆ డబ్బు హాస్టల్‌కే చాలదు. కొన్ని ఆఫీసుల్లో ఆ రెండు వేలనూ బ్యాంకు ఖాతాలో వేసి, నగదుగా వెనక్కి అడుగుతున్నారు. ఇది తప్పని అందరికీ తెలుసు, అడిగేవాళ్లు లేరు.

4. ఆడపిల్లలు. బయటి ఆడిట్‌కు వాళ్లను పంపరు. ‘రాత్రవుతుంది, అక్కడ సౌకర్యాలు ఉండవు’ అని రిటర్నుల పనిలోనే కూర్చోబెడతారు. వాళ్ల క్షేమం మీద శ్రద్ధ ఉన్నమాట నిజమే కావచ్చు. అయినా ఫలితం మాత్రం ఒకటే: రెండేళ్లు చేసిన అమ్మాయికి ఒక్క స్టాక్ వెరిఫికేషన్ అనుభవం ఉండదు, ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.

5. పేరు ఇక్కడ, మనిషి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. డమ్మీ ఆర్టికల్స్ సంగతి దాచాల్సిన విషయం కాదు. పగలంతా కోచింగ్‌లో ఉన్నవాడికి ఇక్కడ హాజరు పడుతుంది, చివర్లో ఫారం 108 మీద శిక్షణ పూర్తయిందని సంతకం పడుతుంది. బయటపడితే అతని శిక్షణ రద్దు కావొచ్చు, సంతకం పెట్టిన సభ్యుడి మీద వృత్తి దుష్ప్రవర్తన ఫిర్యాదు రావొచ్చు. బయటపడకపోతే ఇంకా ప్రమాదం. సభ్యత్వం తీసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టిన మర్నాటి నుంచి యూడిన్ (ప్రతి సర్టిఫికెట్‌కూ వేసే ప్రత్యేక గుర్తింపు నంబరు) వేసి సర్టిఫికెట్లు ఇచ్చేది అతనే. ఒక్క గోడౌన్ కూడా చూడని సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తుంది, నలుగురు పెట్టుబడి పెడతారు.

ఇక మేం అడుగుతున్నవి. వీటిలో చాలావాటికి కొత్త నిబంధన అక్కర్లేదు, ఉన్నవాటిని పాటిస్తే చాలు.

1. చేరిన రోజే 24 నెలల పని ప్రణాళికను కాగితం మీద పెట్టండి. మొదటి మూడు నెలలు లెక్కలు రాయడం, వౌచింగ్ (ఎంట్రీలను బిల్లులతో సరిచూడడం), బ్యాంక్ రికన్సిలియేషన్ (పుస్తకాలను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చడం). తర్వాత ఆరు నెలలు జీఎస్టీ, టీడీఎస్. ఇందులో రిటర్నులు వేయడంతో పాటు నోటీసులకు జవాబు ముసాయిదా కూడా రాయించాలి. మిగతా కాలంలో కనీసం పది టాక్స్ ఆడిట్ ఫైళ్లలో 3సీడీ (టాక్స్ ఆడిట్ వివరాల ఫారం) క్లాజులకు వర్కింగ్ పేపర్లు తానే తయారుచేయాలి. రెండు స్టాక్ వెరిఫికేషన్లు, ఏప్రిల్‌లో ఒక బ్యాంకు శాఖ ఆడిట్, ఒక కంపెనీ ఆడిట్ మొదటి నుంచి చివరిదాకా, ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 (ఆర్థిక నివేదికల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) వేయడం వరకు. బాకీదారులకు బ్యాలెన్స్ ధ్రువీకరణ లేఖలు పంపించి, జవాబు రానివాటికి ఏం చేయాలో నేర్పండి. చాలా ఫైళ్లలో ఆ లేఖలే ఉండవు.

2. వర్క్ డైరీని వారానికోసారి చదివి సంతకం పెట్టండి. ‘జీఎస్టీ వర్క్’ అని నెలంతా ఒకే మాట రాసి ఉంటే వెనక్కివ్వండి. ‘ఎరువుల షాపు, ఆగస్టు 2బీ సరిపోల్చడం, 140 బిల్లుల్లో 9 తేడాలు, నాలుగింటికి సప్లయర్‌తో మాట్లాడాను, ఐదు వచ్చే నెలకు పెండింగ్’ అని ఉంటే మేం ఏం నేర్చామో మీకూ తెలుస్తుంది, ఏం నేర్చలేదో కూడా తెలుస్తుంది. రెండేళ్ల చివర్లో ఒకేసారి డైరీ రాయించి సంతకాలు పెట్టడం ఆపండి.

3. మీ ఆఫీసులో లేని పని పక్క ఆఫీసులో ఉంటుంది. మన ఊళ్లలో ఎక్కువ ఆఫీసులు ఒక్కరే నడిపేవి. కంపెనీ ఆడిట్లు కొందరి దగ్గరే ఉన్నాయి, బ్యాంకు ఆడిట్లు మరికొందరికి వస్తాయి. ఆర్టికల్‌ను కొంతకాలం మరో సభ్యుడి దగ్గరికి పంపే సెకండ్‌మెంట్ ఏర్పాటు నిబంధనల్లో ఉంది. మూడు ఊళ్ల సభ్యులు మాట్లాడుకుంటే ఏ పిల్లవాడూ కంపెనీ ఆడిట్ చూడకుండా బయటికి వెళ్లడు. చివరి ఏడాదిలో 9 నుంచి 12 నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కూ వీలుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ ప్రాంతపు కార్ల పరిశ్రమ, ఓర్వకల్లులో వస్తున్న యూనిట్లు మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. వాటి ఫైనాన్స్ విభాగాలతో మాట్లాడి సీట్లు తెప్పించే పలుకుబడి మీకుంది, మాకు లేదు.

4. స్టైపెండ్‌లో ఊరి జనాభా తేడా తీసేయమని ఇన్‌స్టిట్యూట్‌ను కోరుతున్నాం. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది, జనాభా లెక్కింపు 2027కు వెళ్లింది, ఆ అంకెలు ప్రచురించేదాకా మేం 2011లోనే ఉంటాం. అప్పటిదాకా ఇక్కడి సభ్యులు తమంతట తాము 4,000, 5,000 ఇవ్వడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. అందులో ఉన్నది కనీసం మాత్రమే. బయటి ఆడిట్‌కు బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు వేరుగా ఇవ్వండి. అమ్మాయిలను పంపినప్పుడు ఇద్దరిని కలిపి పంపండి, మరుగుదొడ్డి ఉందో లేదో పార్టీని ముందే అడగండి, చీకటి పడకముందే వెనక్కొచ్చే ఏర్పాటు చేయండి. ఇంతకన్నా పెద్ద సౌకర్యాలేం అడగడం లేదు.

5. కాగితాలు ఆపకండి. ఫారం 103 (ఆర్టికల్‌గా నమోదు చేసే కాగితం) చేరిన తేదీ నుంచి 30 రోజుల్లో వెళ్లాలి. పోర్టల్‌లో ప్రిన్సిపల్ ఆమోదం ఆలస్యమైతే రిజిస్ట్రేషన్ వెనక్కి జరుగుతుంది, ముగింపు తేదీ జరుగుతుంది, ఆ తర్వాతి ఆరు నెలల లెక్కా జరుగుతుంది. ఫైనల్ ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు ఉంది కాబట్టి కొన్ని రోజుల ఆలస్యంతో నాలుగు నెలలు పోతాయి. చేరిన వారంలో 103, ముగిసిన వారంలో 108 ఇవ్వండి. ఊరు మారాల్సి వచ్చినవాళ్ల ఫారం 109ను, డిగ్రీ చదువుకునేవాళ్ల ఫారం 112ను సీజన్ పేరు చెప్పి బీరువాలో పెట్టకండి.

6. వారానికి 35 గంటలన్నది నిబంధన. సెప్టెంబరులో రాత్రి పదింటిదాకా ఉండాల్సి వస్తుందని మాకూ తెలుసు, ఉంటాం. ఆ గంటలు డైరీలో రాయనివ్వండి, అక్టోబరులో సర్దుబాటు చేయండి.

7. ఫిర్యాదు చేసినవాడి పేరు బయటికి రాకుండా ఇన్‌స్టిట్యూట్ ఏర్పాటు చేయాలి. చిన్న ఊళ్లలో ఆడిటర్లందరూ ఒకరికొకరు తెలుసు, ఉదయం పంపిన మెయిల్ సంగతి సాయంత్రానికి ప్రిన్సిపల్ చెవిన పడుతుంది. ఈ లేఖ కింద మా పేర్లు లేకపోవడానికి కారణం అదే, మాలో చాలామందికి ఇంకా ఫారం 108 మీద సంతకం కావాలి. చెప్పకుండా వచ్చి హాజరు పట్టీ, డైరీ, స్టైపెండ్ పడిన బ్యాంకు ఖాతా మూడూ పక్కపక్కన పెట్టి చూసే తనిఖీలు మన జిల్లాల్లోనూ జరగాలి. డమ్మీ ఎవరో, నిజంగా పనిచేసేదెవరో గంటలో తేలిపోతుంది.

మా వైపు నుంచి కొన్ని మాటలిస్తున్నాం. ఆఫీసు వేళల్లో కోచింగ్‌కు వెళ్లం. సెలవు ముందే రాసిచ్చి తీసుకుంటాం. పార్టీల లెక్కలు ఆఫీసు దాటి బయట మాట్లాడం. మాలో ఎవరైనా డమ్మీ అడిగితే వాళ్లను వెనకేసుకురాం.

ఈ లేఖ వెలువడిన నెలరోజుల్లోగా కర్నూలు, అనంతపురం, కడపలో ఒక్కోచోట ఒక్క సమావేశం పెట్టమని సభ్యులను కోరుతున్నాం. ఆదివారమైనా సరే, 20వ తేదీ దాటాక అయితే అందరికీ వీలవుతుంది. మొదటి, రెండో, ఐదో అంశాలు ఆ రోజే తేల్చవచ్చు, వాటికి డబ్బు ఖర్చు లేదు. స్టైపెండ్ శ్లాబులు, తనిఖీల మీద ఇన్‌స్టిట్యూట్ రాతపూర్వకంగా జవాబివ్వాలి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడప ఆర్టికల్ అసిస్టెంట్లు